మన ఇంటి 108 లీటర్లు ఎక్కడికి పోతున్నాయి?

ఈ వారం పాఠం నాకు జరిగిన ఒక చిన్న సంఘటనతో మొదలుపెడతాను.

కర్నూలు సంకల్‌భాగ్ ఘాట్‌లో సంధ్యావందనానికి కూర్చున్నాను. ఆచమనం కోసం అరచేతిలోకి నీళ్లు తీసుకున్నా. పెదాల దాకా వెళ్లిన చెయ్యి ఆగిపోయింది. వాసన! చివరికి సంచిలోంచి వాటర్ బాటిల్ తీసి ఆచమనం చేశాను. తుంగభద్రమ్మ ఒడ్డున కూర్చుని, సీసా నీళ్లతో. అమ్మా అని పిలుస్తాం, ఆ అమ్మ ఇచ్చిన గుక్కెడు నీళ్లు మాత్రం నోట్లో పోసుకోలేం. ఆ బాధ ఇంకా పోలేదు.

శాస్త్రం ఏమంటోంది?

పూజ చివర చదివే మంత్రపుష్పం మీకు తెలుసు కదా. నీటి రహస్యం తెలిసినవాడి గొప్పతనం చెప్పే ఆ భాగం తైత్తిరీయ ఆరణ్యకంలోని అరుణప్రశ్నలోది. అందులోనే కాస్త ముందుకెళ్తే సూటిగా నియమాలు కనిపిస్తాయి: నీళ్లలో మలమూత్రాలు విడవకూడదు, ఉమ్మకూడదు. మొదటిదాన్ని కంఠతా పట్టాం. రెండోదాన్ని వదిలేశాం.

"నేనెప్పుడూ నదిలో ఆ పని చేయలేదండీ" అంటారా? స్వయంగా చేయలేదు, నిజమే. పైపుల ద్వారా చేస్తున్నాం.

లెక్క చూద్దాం

మురుగు కాల్వలున్న పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లివ్వాలని ఇంజనీర్ల లెక్క. అందులో సుమారు 80 శాతం మురుగై బయటికి పోతుంది. అంటే 108 లీటర్లు! మనం జపమాల తిప్పే సంఖ్యే. నలుగురున్న ఇంటికి రోజుకు 432 లీటర్లు.

కర్నూలులో ఆ మురుగులో చాలా భాగం వంకల్లో పడి హంద్రీలో కలుస్తుంది. హంద్రీ ఊళ్లోనే తుంగభద్రలో చేరుతుంది. తుంగభద్ర వేపలింగం వెలసిన సంగమేశ్వరం దగ్గర కృష్ణమ్మను కలిసి, శ్రీశైలం జలాశయంలోకి వెళ్తుంది. అంటే మల్లన్న పాదాల దగ్గరి పాతాళగంగ దాకా! ఆ జలాశయం నీళ్లే పోతిరెడ్డిపాడు నుంచి తెలుగుగంగ కాలువలో కడప జిల్లా బ్రహ్మంసాగర్‌కి వెళ్తాయి. మనం వదిలింది మన సీమవాళ్లకే చేరుతోంది.

2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గుర్తించిన 351 కలుషిత నదీ భాగాల్లో మంత్రాలయం దగ్గర్నుంచి తుంగభద్ర, నంద్యాల దగ్గర్నుంచి కుందూ నది కూడా ఉన్నాయి.

మురుగు ఎలా శుద్ధవుతుంది?

ముందు జల్లెడలతో చెత్తను ఆపి, ఇసుకను అడుక్కి దించుతారు. తర్వాత గాలి ఎక్కిస్తారు. ఆ గాలి పీల్చి బ్యాక్టీరియా మురికిని తినేస్తుంది. బురద అడుగుకు చేరాక పైనున్న నీటిలో క్లోరిన్ కలిపి క్రిములను చంపుతారు. ఇంత శుద్ధి ఎందుకంటే, మురికి కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. దాని కొలతనే బీఓడీ అంటారు. స్నానానికి పనికొచ్చే నదిలో అది లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. శుద్ధి చేయని మురుగులో వందల్లో ఉంటుంది. వానాకాలంలో నిండుగా పారే నది కొంత కడిగేసుకుంటుంది. వేసవిలో మన సీమ నదుల్లో పారే నీళ్లెన్ని? అప్పుడు మురుగుదే పైచేయి.

మనం చేయగలిగింది

వాడిన నూనె సింకులో పోయకండి. నిర్మాల్యాన్ని ప్లాస్టిక్ కవరుతో నదిలో వేయకండి. పూలు మొక్కల మొదట్లో వేస్తే చాలు, దోషం లేదు. సెప్టిక్ ట్యాంకు బండి వచ్చినప్పుడు "అన్నా, దీన్ని ఎక్కడ పోస్తారు?" అని అడగండి. మన వీధి మురుగు శుద్ధి కేంద్రానికి వెళ్తోందా, వంకలోకా అని వార్డు సచివాలయంలో అర్జీ పెట్టండి. ఒక్కరు కాదు, వీధి వీధంతా కలిసి పెట్టండి.

2020 పుష్కరాల్లో కరోనా వల్ల నదిలో మునగనివ్వలేదు. మళ్లీ తుంగభద్ర పుష్కరాలు 2032లో. అప్పటికి ఆ ఘాట్‌లోనే కూర్చుని, సీసా తీయకుండా ఆచమనం చేయాలని నా సంకల్పం. మీరూ ఇవాళ దీపం పెట్టేటప్పుడు ఈ సంకల్పం చెప్పుకోండి. తర్వాత వెళ్లి మీ ఇంటి పైపు ఎక్కడ తేలుతోందో చూసి రండి.

శుభం భూయాత్.