భయానికి మరో దారి

తిరుమల కొండకు చేరడానికి ఒకటి కంటే ఎక్కువ దారులున్నాయి. అలిపిరి నుండి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుండి 2,388 మెట్లు ఎక్కాలి. 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండవది వాడుకలోకి వచ్చాయి. మోకాళ్ళ మిట్ట ఎక్కలేని వృద్ధుడు బస్సులో వెళ్తాడు. మలుపు తిరిగినప్పుడల్లా లోయను చూసి కళ్ళు మూసుకొనే వ్యక్తి, ఓపిక ఉంటే, అలిపిరి మెట్లను ఎంచుకుంటాడు. నడిచి వచ్చిన పుణ్యం వేరని కొందరనవచ్చు గాని, బస్సులో వచ్చిన వానిది సగం దర్శనమని ఎవరూ అనరు. వీడియో గేముల రూపకర్తలకు ఈ ఆలోచన చాలా ఆలస్యంగా కలిగింది.

భయం అందరికీ సహజమే. కాని ఒక వస్తువు వల్లగాని, ప్రాణి వల్లగాని, పరిస్థితి వల్లగాని కలిగే భయం అసలు ప్రమాదంతో పొంతన లేనంత తీవ్రమై, నెలల తరబడి వీడక, నిత్యజీవితాన్ని అడ్డగిస్తే దానిని ‘ఫోబియా’ అంటారు. గుండె దడదడలాడుతుంది, చెమటలు పడతాయి, ఊపిరి అందదు. ‘అందులో భయపడవలసిందేముంది?’ అనే ప్రశ్న ఇక్కడ పనికిరాదు. తిరుపతికి చేరువలోనే ఉన్న శ్రీకాళహస్తిలో సాలెపురుగు శివభక్తుల కోవకు చెందినది. ధూర్జటి ‘శ్రీకాళహస్తి మాహాత్మ్యము’లో దాని కథ చెప్పాడు. ఆ కథను భక్తితో విన్నవాడు కూడా ఇంటి గోడమీద సాలెపురుగు కనబడితే గదిలో అడుగు పెట్టలేకపోవచ్చు. అది అజ్ఞానమూ కాదు, పిరికితనమూ కాదు.

అటువంటి వాడు మిత్రులతో కలిసి ఆడుతుండగా తెరనిండా సాలెపురుగు ప్రత్యక్షమైతే ఏమి చేయాలి? ఒకప్పుడు ఆట మానుకోవడమే మార్గం. 2020లో ముందస్తుగా విడుదలైన ‘గ్రౌండెడ్’ అనే అమెరికన్ ఆటలో చీమంత పరిమాణానికి కుదించుకుపోయిన పిల్లలు పెరటి గడ్డిలో సంచరిస్తారు. వారి ముందు సాలెపురుగు ఏనుగంత! ఆటగాడు ఒక మీటను జరిపితే దాని కాళ్ళు తగ్గుతాయి, రూపం సరళమవుతుంది, చివరకు గుండ్రని ముద్దలు మిగులుతాయి. ఆ ముద్దలూ దాడి చేస్తాయి. అంటే పోటీ అలాగే ఉంటుంది, రూపం మాత్రమే మారుతుంది. స్వీడన్‌లో రూపొందిన ‘శాటిస్‌ఫాక్టరీ’లో సాలెపురుగు స్థానంలో పిల్లి బొమ్మ వస్తుంది, పిల్లి ముఖం మీదికి దూకడం చూసి నవ్వాలో జడవాలో తెలియదు.

భయం కంటితోనే రాదు. 2024లో ‘హాగ్వార్ట్స్ లెగసీ’కి చేర్చిన ఏర్పాటు సాలెపురుగుల రూపాన్ని మార్చడంతోపాటు వాటి చప్పుళ్ళను కూడా తగ్గించింది. అయితే ఆటలోని సమాచార పుస్తకంలో వాటి చిత్రాలను మార్చలేదు. ఇటువంటి చిన్న లోపమే ఆటగానికి పెద్ద ఆటంకం కాగలదు. 2023లో ‘హొరైజన్ ఫర్‌బిడెన్ వెస్ట్’ అగాధ జలమంటే భయపడేవారి కోసం నీటి అడుగున వెలుతురు పెంచి, ఊపిరి అయిపోకుండా చేసింది.

ఇవన్నీ ఆటను నీరుగారుస్తాయని ఆక్షేపించేవారున్నారు. ఆ ఆక్షేపణలో బలం లేదు. ఈ ఏర్పాటు కోరుకున్నవారికే అమలవుతుంది. భయమే కావలసినవారికి భయం పూర్తిగా దక్కుతుంది. తప్పించుకుంటూ పోతే భయం ఎన్నటికి తగ్గుతుందన్న ప్రశ్న మాత్రం ఆలోచించదగినది. మనోవైద్యులు రోగిని భయహేతువు వద్దకు మెట్టుమెట్టుగా తీసుకువెళ్తారు. ‘గ్రౌండెడ్’లోని మీట కూడా అలాగే అంచెలంచెలుగా జరుగుతుంది. కాని వైద్యుడు పక్కన లేని ఆటను చికిత్స అనలేము.

ఎత్తు భయం ఇంతకంటే చిక్కు సమస్య. సాలెపురుగు స్థానంలో పిల్లిని పెట్టవచ్చు, లోయ స్థానంలో దేనిని పెట్టాలి? కొండలెక్కడమే ప్రధానమైన ఆటలో లోతును దాచితే ఆటే మిగలదు. కిందికి పడే దృశ్యాన్ని తొలగించవచ్చు, అంచున గోడ కట్టవచ్చు, లేదా లోయ కనబడని వేరొక దారిని వేయవచ్చు. ఈ చివరిదానికి ఖర్చు ఎక్కువ, ఎందుకంటే ఆ రెండవ దారిని కూడా మొదటి దారి అంత శ్రద్ధగానే నిర్మించాలి.