వైద్యవిద్యా ప్రవేశపరీక్ష మార్కులు: వాటి గడువు

పరీక్షలో ఒకసారి వచ్చిన మార్కులు ఎల్లకాలము చెల్లునని సామాన్యముగా మనమందరము భావింతుము. ఇంటర్మీడియట్ మార్కుల విషయమున ఇది సత్యమే. కాని వైద్యవిద్యా ప్రవేశపరీక్ష మార్కులకు ఒక గడువు కలదు. ఈ భేదమును గ్రహింపక, “ఈ యేడు పరీక్ష నెగ్గితిమి, వచ్చే యేడు చేరుదుము” అనుకొను కుటుంబములు నష్టపోవుదురు. కనుక ఆ విషయమును ఇచ్చట వివరింప దలచితిమి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 2017 నుండి ఎం.బి.బి.ఎస్. సీట్లు నీట్ పరీక్ష ర్యాంకు ననుసరించియే నింపబడుచున్నవి. మైనారిటీ వైద్యకళాశాలలకును ఈ పరీక్ష వర్తించునని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. దేశములోని కళాశాలలలో ప్రవేశమునకు నీట్ మార్కులు ఆ విద్యాసంవత్సరమునకు మాత్రమే చెల్లును. మరుసటి యేడు చేరదలచినవారు మరల పరీక్ష వ్రాయవలసినదే.

ఇట్టి నియమమునకు కారణమేమి? నీట్‌లో అర్హత స్థిరమైన మార్కులపై గాక పర్సంటైల్‌పై ఆధారపడి యుండును. జనరల్ అభ్యర్థులు 50వ పర్సంటైల్‌ను, ఎస్.సి., ఎస్.టి., బి.సి. అభ్యర్థులు 40వ పర్సంటైల్‌ను అందుకొనవలెను. అనగా ఒకరి స్థానము ఆ యేడు తనతో వ్రాసినవారిని బట్టి నిర్ణయమగును. 720 మార్కులకు గాను జనరల్ అభ్యర్థుల కనీస అర్హత 2022లో 117 కాగా, 2025లో 144 అయినది. ప్రశ్నపత్రము, పోటీదారులు మారినప్పుడు ఒక యేటి మార్కులను మరొక యేటి మార్కులతో సరిపోల్చుట న్యాయము కాదు.

విదేశములలో చదువగోరు భారతీయులకు నియమము వేరు. 2018 నుండి వారికిని నీట్ అర్హత అవసరమైనది. ఈ అర్హత ఫలితము వెలువడిన తేదీ నుండి మూడు సంవత్సరములు చెల్లును. ఉదాహరణకు, 2025 జూన్ 14న వెలువడిన ఫలితము 2028 జూన్ వరకు పనికివచ్చును. గడువు లెక్కింపవలసినది ఫలితపు తేదీ నుండియే గాని పరీక్ష తేదీ నుండి కాదు.

ఇతర దేశముల పద్ధతియు గమనింపదగినది. బ్రిటనులోని యూకాట్ ఫలితము ఒక్క ప్రవేశకాలమునకే పరిమితము. అమెరికాలోని ఎంకాట్ మార్కులను పెక్కు కళాశాలలు రెండు, మూడేండ్ల వరకు అంగీకరించును. అచ్చట గడువును ఆయా కళాశాలలే నిర్ణయించుకొనును.

మన విద్యార్థులు గుర్తుంచుకొనవలసిన దేమన, నీట్‌ను ఇన్నిసార్లే వ్రాయవలెనను పరిమితి లేదు. ప్రశ్నపత్రము తెలుగులో 2017 నుండియు, ఉర్దూలో 2018 నుండియు లభించుచున్నది. కనుక ఒకసారి తప్పినవారు నిరాశ చెందనక్కరలేదు. కాని సీటు వచ్చినవారు మాత్రము ఆలోచించి అడుగు వేయవలెను. ముఖ్యముగా ఆడపిల్లల విషయమున, “ఒక యేడాది ఆగుదము, మార్కులు ఎక్కడికి పోవును?” అను పెద్దలకు ఈ నియమమును ముందుగా తెలుపుట మన విధి. ఆగిన యెడల ఆ ర్యాంకు తిరిగి రాదు. మరల లక్షలమందితో పోటీపడి సంపాదింపవలసినదే.