కాలి సిరకు ఏ కోత మేలు?

ప్రశ్న: మా నాన్నకు 62 ఏళ్లు. షుగరుంది. గుండెకు బైపాస్ చేయాలన్నారు. అందుకు వాడే కాలి సిరను పొడవాటి కోతతో కాకుండా చిన్న కోతతో తీయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, రామసముద్రం

జవాబు: తీయించుకోవచ్చు. రెండు పద్ధతుల్లోనూ తీసేది కాలి లోపలివైపుండే సఫీనస్ సిరనే. పాత పద్ధతిలో కాలి పొడవునా కోస్తారు. చిన్న కోత పద్ధతి అయిన ఎండోస్కోపీకి మోకాలి దగ్గర రెండు మూడు సెంటీమీటర్ల కోత చాలు. 2019లో వెలువడిన అమెరికా అధ్యయనం 1,150 మందిని మూడేళ్లకు కాస్త తక్కువగా గమనించింది. మరణాల్లో, గుండెపోట్లలో, మళ్లీ చేయాల్సి వచ్చిన చికిత్సల్లో రెండు పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. కాలి గాయంలో ఇన్ఫెక్షన్ మాత్రం పెద్ద కోతకు 3.1 శాతం, చిన్న కోతకు 1.4 శాతం. షుగరున్నవారికి పుండు మానడం కష్టం కాబట్టి ఇది గమనించదగ్గదే. అయితే చిన్న కోతతో తీసేటప్పుడు సిర నలిగితే తర్వాత పూడుకుపోవచ్చు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికి వెళ్లినా, బెంగళూరు వెళ్లినా, సిర తీసేవారి అనుభవమెంతో ముందే అడగండి. చేయి తిరిగినవారు లేకపోతే పెద్ద కోతే మేలు.