రంగు చల్లే గంట

ఇనుప వస్తువుకు రంగు అలంకారం మాత్రమే కాదు, రక్షణ కవచం కూడా. గాలిలోని తేమ లోహాన్ని తాకకుండా రంగు పొర అడ్డుకుంటుంది. పొర మరీ పలుచనైన చోట తుప్పు మొదలవుతుంది. మందమైన చోట రంగు కారి చారలు కడుతుంది. కారుకు గాని, బీరువాకు గాని పరిశ్రమల్లో వేసే ఒక్కొక్క పూత మందం మిల్లీమీటరులో పదోవంతు కంటె తక్కువ. ఇంత పలుచని పూతను వేలాది వస్తువుల మీద ఒకే తీరుగా వేయడం కుంచెకు సాధ్యపడే పని కాదు.

కుంచె తరువాత స్ప్రే గన్ వచ్చింది. ఒత్తిడితో వచ్చే గాలి రంగును తుంపరలుగా చీల్చి వస్తువు మీదికి నెడుతుంది. పని త్వరగా జరుగుతుంది. కాని ఆ గాలే తుంపరలను పక్కలకు కూడా కొట్టుకుపోతుంది. ఈ పద్ధతిలో తరచుగా సగానికి పైగా రంగు వస్తువును చేరకుండానే వృథా అవుతుంది. ఆ రంగు పొగమంచువలె గదిలో నిండి, పనివారి ఊపిరితిత్తులలో చేరే ప్రమాదం కూడా ఉంది.

ఈ వృథాను అరికట్టే మార్గాన్ని వెదికినవారిలో అమెరికాకు చెందిన హెరాల్డ్ రాన్స్‌బర్గ్ ముఖ్యుడు. వంటింటి డబ్బాలకు రంగులు వేసి అమ్మే కుటుంబ సంస్థ ఆయనది. ఇండియానాపోలిస్ నగరంలోని ఆ సంస్థలో 1940 ప్రాంతంలో ఆయన స్థిరవిద్యుత్తును ఈ పనికి వినియోగించాడు. పొడి జుట్టును దువ్విన దువ్వెన చిన్న కాగితం ముక్కలను ఆకర్షిస్తుందని మనకు తెలుసు. అదే సూత్రం ఇక్కడా పనిచేస్తుంది. రంగు తుంపరలకు ఋణావేశం కల్పించి, వస్తువును భూమితో కలిపితే, తుంపరలు వస్తువు వైపు ఆకర్షింపబడతాయి. ముందువైపునే కాక, అంచులను చుట్టి వెనుక వైపున కూడా అంటుకుంటాయి. ఒకే ఆవేశం గల తుంపరలు ఒకదానినొకటి వికర్షించుకోవడం వల్ల రంగు ఒకేచోట ముద్దకట్టక సమంగా పరచుకుంటుంది.

రంగును తుంపరలుగా చేయడానికి గాలి బలమే అవసరం లేదని కూడా క్రమంగా తెలిసింది. తడిసిన గొడుగును గిర్రున తిప్పితే నీరు అంచుల నుండి చినుకులై ఎగిరిపడుతుంది. రోటరీ అటామైజర్ చేసే పని ఇదే. దాని ముందు భాగంలో గంట ఆకారంలో ఒక చిన్న లోహపు గిన్నె ఉంటుంది. దీనినే బెల్ కప్ అంటారు. గాలితో నడిచే టర్బైను దీనిని నిమిషానికి ఇరవై వేల నుండి అరవై వేల సార్లు తిప్పగలదు. గంట నడుమకు వచ్చిన రంగు లోపలి గోడ వెంబడి పలుచని పొరగా పాకి అంచును చేరుతుంది. అంచున సన్నని గాట్లు ఉంటాయి. రంగు ఆ గాట్ల గుండా దారాలవలె సాగి, తెగి, అతి సూక్ష్మమైన తుంపరలవుతుంది. గంట చుట్టూ ఉన్న రంధ్రాల నుండి వచ్చే గాలి ఆ తుంపరలను వస్తువు వైపు మళ్లిస్తుంది. పదుల వేల వోల్టుల విద్యుత్తు వాటికి ఆవేశాన్నిస్తుంది. సరిగా అమర్చినపుడు రంగులో మూడు వంతులకు పైగా వస్తువుకే చేరుతుంది.

ఈ యంత్ర రూపకల్పనలో ప్రతి అంశానికి ఒక హద్దు ఉంది. వేగం పెరిగిన కొద్దీ తుంపర సన్నమవుతుంది. కాని మరీ సన్ననైన తుంపర దారిలోనే ఆరిపోయి, పూతను గరుకుగా చేస్తుంది. లోతైన మూలలలోకి విద్యుత్ క్షేత్రం చొరబడదు కనుక అక్కడ రంగు సరిగా చేరదు. అటువంటి చోట్ల గాలి సాయం తీసుకోవలసి వస్తుంది.

అన్నిటికంటె నిశితంగా చూడవలసినది గంట అంచు. ఐదు సెంటీమీటర్ల వ్యాసం గల గంట నిమిషానికి నలభై వేల సార్లు తిరిగితే, దాని అంచు సెకనుకు సుమారు 105 మీటర్ల వేగంతో కదులుతుంది. ఆ అంచున ఒకవైపు గ్రాములో పదోవంతు రంగు ఎండి అంటుకున్నదనుకొందాం. అది దాదాపు నాలుగున్నర కిలోల బరువుతో సమానమైన బలంతో గంటను పక్కకు లాగుతుంది. గంట తూకం తప్పుతుంది. గాలి పొర మీద తేలుతూ తిరిగే బేరింగులు దెబ్బతింటాయి. గాట్లు పూడుకుంటే తుంపరలకు బదులు ముద్దలు రాలుతాయి.

అందుచేత శుభ్రపరచడం పని ముగిసిన తరువాత చేసే చాకిరీ కాదు. అది యంత్రం పనిలో భాగం. మంచి రూపకర్త రంగు నిలిచిపోయే మూలలు లేకుండా గంటను మలుస్తాడు. రంగు మార్చిన ప్రతిసారీ థిన్నరు లోపలా వెలుపలా పారేందుకు దారులు ఏర్పరుస్తాడు.

చేతితో శుభ్రం చేసేటపుడు క్రమం తప్పరాదు. ముందుగా రంగును, విద్యుత్తును ఆపాలి. మిగిలిన ఆవేశాన్ని భూమిలోకి పోనివ్వాలి. టర్బైను దానంతటది ఆగేవరకు బేరింగుల గాలిని ఆపరాదు. గంటను చేతితోగాని గుడ్డతోగాని నిలపరాదు. తరువాత గంటను విప్పి థిన్నరులో నానబెట్టి, మెత్తని బ్రష్షుతో తోమాలి. రంధ్రాలకు పుల్ల వాడవచ్చు గాని ఇనుప తీగ, చాకు, గరుకు కాగితం పనికిరావు. ఒక్క గీత పడినా అంచు చెడుతుంది. టర్బైనును థిన్నరులో ముంచరాదు. యంత్రపు పైభాగాన్ని తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. లేకుంటే ఆ తడి గుండా విద్యుత్తు జారిపోతుంది.

థిన్నరు ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు, మంట లేస్తుంది. కనుక పనిచేసేవారు, పాత్రలు, యంత్రం అన్నీ భూమితో కలిసి ఉండాలి. గాలి బాగా ఆడాలి. చేతి తొడుగులు, కళ్లద్దాలు, శ్వాసరక్షక ముసుగు తప్పనిసరి. వాడిన థిన్నరును మురుగు కాలువలో పోయక విడిగా సేకరించాలి.

కొత్త కారు మీద మెరుపును చూసి ముచ్చటపడతాం. ఆ మెరుపులో గంటను మలచిన ఇంజనీరు లెక్కలున్నాయి. ప్రతిరోజూ దాని అంచును భూతద్దంతో పరీక్షించి, కడిగి, యథాస్థానంలో బిగించిన కార్మికుని ఓర్పు కూడా ఉంది. రెండవది లోపిస్తే మొదటిది నిష్ఫలం.

ప్రశ్నలు
1. స్ప్రే గన్ పద్ధతిలోని లోపాలేవి? స్థిరవిద్యుత్తు వాటిని ఎట్లా తగ్గించింది?
2. గంట అంచున రంగు ఎండితే కలిగే నష్టాలను వివరించండి.
3. ‘శుభ్రపరచడం యంత్రం పనిలో భాగం’ – ఈ వాక్యాన్ని సమర్థించండి.