పెద్ద మోటార్ పెట్టే ముందు సీజీ చూశారా? మోడల్ రాకెట్ కిట్ మార్పులు, లెక్కలతో సహా

ఫోన్‌లో పెద్ద బ్యాటరీ ఉంటే మంచిదే. మోడల్ రాకెట్‌లో పెద్ద మోటార్ మాత్రం అన్నిసార్లూ మంచిది కాదు. ఎందుకో అర్థం కావాలంటే దీపావళి తారాజువ్వను గుర్తు తెచ్చుకోండి. పుల్ల ఉంటే నిటారుగా పోతుంది. పుల్ల విరిగితే ఎటు తిరుగుతుందో, ఎవరి మీదకి వస్తుందో చెప్పలేం. కిట్‌ను మోడిఫై చేసేటప్పుడు మనం కాపాడుకోవాల్సింది ఆ పుల్ల చేసే పనినే.

సీజీ, సీపీ అంటే?

రాకెట్‌ను వేలి మీద అడ్డంగా పెడితే ఎక్కడ బ్యాలెన్స్ అవుతుందో అది సీజీ, అంటే గరిమనాభి. గాలి ఒత్తిడి మొత్తం ఎక్కడ పనిచేస్తున్నట్టు లెక్కో అది సీపీ. సీజీ ముక్కు వైపు, సీపీ తోక వైపు ఉండాలి. అప్పుడు రాకెట్ కాస్త ఒరిగినా గాలే దాన్ని మళ్లీ సరిచేస్తుంది. రెండింటి మధ్య దూరం కనీసం ట్యూబ్ వ్యాసమంత ఉండాలి, రెండింతల దాకా ఉన్నా ఫర్వాలేదు. సీపీని చేత్తో లెక్కకట్టే పద్ధతిని జేమ్స్ బారోమన్ 1966లో ఇచ్చారు. ఇప్పుడైతే ఓపెన్‌రాకెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కొలతలు ఇస్తే చాలు, అదే చెప్పేస్తుంది.

మోటార్ కోడ్ చదవడం

సి6-5 అని ఉంటే మూడు విషయాలు చూడాలి. అక్షరం మొత్తం శక్తిని చెబుతుంది: ఏ 2.5 న్యూటన్ సెకన్ల వరకు, బి 5 వరకు, సి 10 వరకు. అక్షరం మారిన ప్రతిసారీ పరిమితి రెట్టింపు. 6 అనేది న్యూటన్లలో సగటు థ్రస్ట్. చివరి 5 అంటే మంట ఆగాక పారాచూట్ బయటికి రావడానికి పట్టే సెకన్లు. బరువైన రాకెట్ త్వరగా నెమ్మదిస్తుంది కాబట్టి దానికి తక్కువ డిలే తీసుకోవాలి. థ్రస్ట్ రాకెట్ బరువుకు కనీసం 5 రెట్లు ఉండాలి. 90 గ్రాముల రాకెట్ బరువు 0.88 న్యూటన్లు, అంటే కనీసం 4.4 న్యూటన్లు కావాలి.

అసలు లెక్క

ఒక కిట్ ఉందనుకుందాం. పొడవు 400 మి.మీ., ట్యూబ్ 25 మి.మీ., మోటార్ లేకుండా 60 గ్రాములు. ముక్కు నుంచి కొలిస్తే సీజీ 200, సీపీ 270 మి.మీ. దగ్గర ఉన్నాయి. మోటార్ మధ్య భాగం 365 దగ్గర వస్తుంది.

ఏ8 మోటార్ (సుమారు 16 గ్రాములు) పెడితే సీజీ 235కి వస్తుంది. తేడా 35, అంటే 1.4 వ్యాసాలు. బాగుంది.

సి6 (సుమారు 24 గ్రాములు) పెడితే సీజీ 247కి జారుతుంది. తేడా 23 మాత్రమే, ఒక వ్యాసం కన్నా తక్కువ. రాకెట్ అదే, ఫిన్లు అవే. మోటార్ మారింది, స్థిరత్వం తగ్గింది.

పరిష్కారం? ముక్కు లోపల, 40 మి.మీ. దగ్గర 6 గ్రాముల క్లే అతికించండి. సీజీ 233కి వస్తుంది, తేడా 37. ఫిన్లు పెద్దవి చేసినా సీపీ వెనక్కి పోతుంది. కానీ అతి చేయొద్దు. స్థిరత్వం మరీ ఎక్కువైతే రాకెట్ గాలికి ఎదురు తిరిగి వాలుగా పోతుంది. చివరగా మోటార్ పెట్టి, సీజీ దగ్గర దారం కట్టి తల చుట్టూ తిప్పండి. ముక్కు ముందుకే ఉంటే పాస్ అయినట్టే.

కలిదిండిలో ఎగరేస్తే

కలిదిండి చుట్టూ నేల చదునే. కానీ చేపల, రొయ్యల చెరువులు, ఏరేటర్లకు కరెంటు తీగలు. సెకనుకు 4 మీటర్ల గాలిలో, అంతే వేగంతో దిగే పారాచూట్ 100 మీటర్ల ఎత్తు నుంచి 100 మీటర్లు పక్కకి పోతుంది. 250 మీటర్ల నుంచి అయితే 250. అట్ట ట్యూబ్ చెరువులో పడితే ఆ కిట్ పని అయిపోయినట్టే. కాబట్టి ఇక్కడ సి కన్నా ఏ లేదా బి, పారాచూట్ బదులు రిబ్బన్ స్ట్రీమర్, గాలి తక్కువుండే ఉదయం వేళ మంచిది. కొల్లేరు అభయారణ్యం వైపు, ఆటపాక పెలికాన్ల దగ్గర అసలు వద్దు.

ఒక్క హెచ్చరిక

మోటార్లు పేలుడు పదార్థాల కిందికి వస్తాయి. మామూలు పోస్టులో తెప్పించకూడదు. తారాజువ్వ మందు విప్పి ఇంట్లో మోటార్ చేయడం ప్రాణాలతో చెలగాటం, పైగా 1884 పేలుడు పదార్థాల చట్టం ప్రకారం నేరం. మోటార్‌తో ఎగరేయడం లైసెన్సు, అనుమతి ఉన్న కాలేజీ టీమ్‌తోనే. కనీసం 5 మీటర్ల దూరం నుంచి, కరెంటు ఇగ్నైటర్‌తోనే వెలిగించాలి.

అప్పటిదాకా? కూల్‌డ్రింక్ బాటిల్, సైకిల్ పంపుతో వాటర్ రాకెట్ చేయండి. సీజీ, సీపీ సూత్రం దానికీ ఇదే. 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి హైదరాబాద్ స్కైరూట్ కంపెనీ పంపిన విక్రమ్-ఎస్ 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. అంత రాకెట్‌కైనా, మీ బాటిల్‌కైనా మొదటి ప్రశ్న ఒకటే: నిటారుగా పోతుందా?