హెచ్.ఐ.వి. వ్యాధి: రైతులు తెలిసికొనవలసిన సంగతులు

సంఘసభ్యులగు రైతుసోదరులకు మేము విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు వ్రాయుట వాడుక. ఈ మాసమున మనుష్యులకు వచ్చు వ్యాధి నొకదానిని గూర్చి వ్రాయుటకు కారణము కలదు.

గడచిన నాట్లకాలమున మే మొక గ్రామమునకు పోయియుంటిమి. అచ్చట భర్తను పోగొట్టుకొనిన యొక యిల్లాలిని ఊరివారు నాట్లకు పిలుచుట మానివేసిరి. ఆమెకు హెచ్.ఐ.వి. కలదని పొక్కినది. ఆమె కాలికి గాయమైనచో నెత్తురు మడినీటిలో కలిసి తమకు అంటునని కొందరును, ఆమెను కుట్టిన దోమ తమ్మును కుట్టునని కొందరును చెప్పిరి. ఒక పెద్దరైతు మమ్ము జూచి, “అయ్యా, మినుములో పల్లాకు తెగులు తెల్లదోమవలన వ్యాపించుననియు, తెగులు మొక్క కనబడగానే పెరికివేయవలెననియు తమరే గదా చెప్పితిరి” అనెను. మాకు వెంటనే ప్రత్యుత్తరము తోచలేదు.

ఆనాడు చెప్పలేనిది ఇప్పుడు చెప్పుచున్నాము. పల్లాకు తెగులును కలిగించు వైరసు తెల్లదోమ దేహములో నిలిచి మొక్కనుండి మొక్కకు పోవును. హెచ్.ఐ.వి. కూడ వైరసే కాని, దోమ త్రాగిన నెత్తురుతో దాని కడుపులోనే జీర్ణమై నశించును. కుట్టునపుడు దోమ మన దేహములోనికి విడుచునది తన లాలాజలమే గాని, ముందు త్రాగిన నెత్తురు గాదు. మడినీటివలన గాని, ఒకే చెంబుతో నీరు త్రాగుటవలన గాని, కలిసి భుజించుటవలన గాని ఈ వ్యాధి అంటదు.

అది సంక్రమించు మార్గములు కొన్నియే. వ్యాధి కలవారితో నిరోధ్ తొడుగు లేక సంభోగించుట మొదటిది. ఎక్కువమందికి వచ్చునది ఈ దారినే. పరీక్షింపని రక్తము నెక్కించుకొనుట, ఒకరికి గ్రుచ్చిన సూదిని మరియొకరికి వాడుట తక్కినవి. తల్లినుండి బిడ్డకు గర్భమునందును, ప్రసవమునందును, చనుబాలవలనను రావచ్చును. గర్భిణి మందులు వాడినచో బిడ్డకు వచ్చు భయము మిక్కిలి తగ్గును. వాడకున్నచో నూటికి 15 మొదలు 45 మంది బిడ్డలకు సోకవచ్చును. కావున ప్రతి గర్భిణికిని పరీక్ష చేయించవలెను.

మొగము జూచి ఈ వ్యాధిని గుర్తింపజాలము. సోకిన రెండు మొదలు నాలుగు వారములలో కొందరికి జ్వరము, గొంతునొప్పి, ఒంటిపై దద్దురులు కలిగి తామే తగ్గిపోవును. పిమ్మట పెక్కేండ్లు ఏ బాధయు లేకపోవచ్చును. ఆ కాలమున వైరసు సి.డి.4 అను తెల్లకణములను, చెదలు దూలమును తినునట్లు, లోలోపల తినివేయును. ఘనమిల్లీమీటరు నెత్తురులో అవి 200కు దిగినపుడు ఎయిడ్సు అందురు. బరువు తగ్గుట, నెలకు మించిన విరేచనములు, విడువని జ్వరము, నోటిలో తెల్లపూత, క్షయ అప్పుడు కనబడును. ఇవి వేఱు కారణములవలనను వచ్చును గనుక రక్తపరీక్షయే నిర్ణయము. సర్కారు ఆసుపత్రులలో ఆ పరీక్ష ఉచితము. సోకిన తొలి వారములలో పరీక్షకు తేలకపోవచ్చును గనుక, సందేహమున్నవారు మూడు మాసములకు మరల చేయించుకొనవలెను.

ఇక పెరికివేయు మాట. పల్లాకు సోకిన మొక్కకు మందు లేదు, అందుచేత పెరికివేయుడంటిమి. 1986లో మద్రాసున ఈ వ్యాధిని మన దేశములో మొదట కనిపెట్టినపుడు మనుష్యులకును మందు లేకుండెను. నాటి భయము నేటికిని పోలేదు. కాని 2004 ఏప్రిలు 1వ తేదినుండి సర్కారువారు మందుల నుచితముగా నిచ్చుచున్నారు. ఇప్పుడు చాలమందికి దినమునకు ఒక మాత్ర చాలును. వ్యాధి సమూలముగా పోదు. కాని వైరసు అణగి, పరీక్షకు అందనంత తగ్గును. అట్లు తగ్గి నిలిచియున్నవారివలన సంభోగము ద్వారా ఇతరులకు సోకదు. క్రమముగా మందు వాడువారు తక్కినవారివలెనే పొలముపని చేసికొని చిరకాలము జీవింతురు.

వ్యాధి యున్నదని పనినుండి తొలగించుటయు, ఒకరి వ్యాధిని వారి సమ్మతి లేక వెల్లడించుటయు 2017 సంవత్సరపు చట్టముచే నిషిద్ధములు. ఆ యిల్లాలి సంగతి ఊరంతయు ఎట్లు పొక్కెనో మే మడుగలేదు, అడిగియుండవలసినది.

మాత్రలు వాడువారికి ఒక్క హెచ్చరిక. ఒంటికి బాగున్నదని మానివేసినచో వైరసు మరల పెరుగును. ఒక్కొక్కప్పుడు ఆ మందునకు లొంగకయు పోవును. కోతలకు పొరుగు జిల్లాలకు వలసపోవువారు ముందుగా ఎ.ఆర్.టి. కేంద్రమువారితో చెప్పి, తిరిగి వచ్చువరకు చాలినన్ని మాత్రలు వెంట గొనిపోవలెను.