గణాంక విశ్లేషణలో సహాయం కోరునప్పుడు కోడ్, లింకులు పంపవలసిన విధానం

భూసార పరీక్షకు పొలంలోని మట్టినంతా పంపము. పలుచోట్ల 15 సెం.మీ. లోతు వరకు సేకరించిన మట్టిని కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలను తీసివేస్తూ అర కిలోకు తగ్గించి, వివరాల చీటీతో పంపుతాము. ఆర్ భాషలో ప్రయోగ ఫలితాలను విశ్లేషిస్తూ అంతర్జాలంలో సహాయం కోరే పరిశోధక విద్యార్థులకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

ఒక ఉదాహరణ

వరికి హెక్టారుకు 0, 60, 120, 180 కిలోల నత్రజని మోతాదులను 3 పునరావృత్తులతో ఆర్.బి.డి. పద్ధతిలో పరీక్షించామనుకుందాం. అనోవా పట్టికలో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ మోతాదులకు 3, పునరావృత్తులకు 2, ఎర్రర్‌కు 6 ఉండాలి. వాటికి బదులు 1, 1, 9 వస్తే, ఆర్ ఆ రెండింటినీ వర్గాలుగా కాక సంఖ్యలుగా తీసుకున్నదని అర్థం. వాటిని ఫ్యాక్టర్‌గా మార్చితే పట్టిక సరిపడుతుంది. ఈ పొరపాటుకు కంప్యూటర్ ఎట్టి హెచ్చరికా చూపదు. గుర్తించకపోతే క్రిటికల్ డిఫరెన్స్ తప్పుతుంది. దానిపై ఆధారపడిన ఎరువుల సిఫారసూ తప్పుతుంది.

“ఫలితం సరిగా రావడం లేదు” అని తెర ఫోటో ఒకటి పంపితే ఎవరూ కారణం చెప్పలేరు. కోడ్, దత్తాంశం, పట్టిక మూడూ అక్షరరూపంలో ఉంటే, తెలిసినవారు ఆ 1, 1, 9 చూసిన వెంటనే లోపాన్ని పట్టుకొంటారు.

కోడ్ పంపునప్పుడు

1. సమస్యకు సంబంధించిన పంక్తులను మాత్రమే ఉంచాలి. కొత్తగా తెరిచిన ఆర్‌లో వాటిని నడిపి, అదే లోపం వస్తున్నదని నిర్ధారించుకోవాలి.

2. మన కంప్యూటర్‌లోని ఫైలును చదివే ఆదేశం ఇతరుల వద్ద పనిచేయదు. డీపుట్ ఫంక్షన్‌తో దత్తాంశాన్ని అక్షరరూపంలోకి మార్చి కోడ్‌లోనే చేర్చాలి. పై ప్రయోగంలో ఉన్నవి 12 మళ్ళే కనుక ఇది సులభం.

3. ఆశించినదేమి, వచ్చినదేమి, ఇంతవరకు ప్రయత్నించినదేమి అన్నవి తెలుపాలి. ఆర్, ప్యాకేజీల వెర్షన్లనూ పేర్కొనాలి.

లింకులు పంపునప్పుడు

లింకులో ఏమున్నదో ఒక వాక్యంలో చెప్పాలి. ముఖ్యాంశం ప్రశ్నలోనే ఉండాలి. లింకు అదనపు వివరాలకే. ఫైలును చూసే అనుమతి మాత్రమే ఇవ్వాలి. అనుమతి లేని లింకు సహాయకుని సమయాన్ని వృథా చేస్తుంది, మార్చే అనుమతి ఉన్న లింకు మన దత్తాంశాన్నే ప్రమాదంలో పడవేస్తుంది.

రైతు క్షేత్రాలలో జరిపిన ప్రయోగాలైతే రైతుల పేర్లు, ఫోను, సర్వే నంబర్లు తొలగించాలి. కోడ్‌లో పాస్‌వర్డులు మిగలకుండా చూడాలి. ప్రచురణ కాని ఫలితాలకు బదులు అదే నిర్మాణం గల కల్పిత అంకెలు వాడి, ఆ విషయం స్పష్టంగా తెలుపాలి.

సమస్య తీరిన పిదప ఏ మార్పుతో తీరినదో అక్కడే రాయడం మరువరాదు. అదే పొరపాటు చేసే తరువాతి విద్యార్థికి ఆ ఒక్క వాక్యం దారి చూపుతుంది.